మీ పాప చదువుతోందా, అప్పజెప్పుతోందా? తెలుగు, లెక్కల్లో ఏ మెట్టు మీద ఉందో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

మా పాప మూడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం తెలుగు పుస్తకం తెచ్చుకుని గడగడా పాఠం చదివింది. ఎక్కడా తడుముకోలేదు. మురిసిపోతూ పక్కన కూర్చుని చూస్తే, వేలు మూడో లైను మీద ఉంది, నోరు ఐదో లైనులో ఉంది. పుస్తకం మూసేసి అడిగినా అంతే గడగడా చెప్పింది. అదే పుస్తకంలో బళ్ళో ఇంకా మొదలుపెట్టని పాఠం తీసి ముందు పెడితే రెండో మాట దగ్గరే ఆగిపోయింది. అప్పటిదాకా నోట్సుల నిండా ఎర్ర టిక్కులే, ప్రోగ్రెస్ కార్డులో మంచి మార్కులే.

బడిని తిట్టుకుంటూ ఓ వారం గడిపాను. దానివల్ల ఏమీ ఒరగలేదు. ఆ తర్వాత ఇంట్లో చేసిన పనులు, కొన్ని చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి, వరసగా రాస్తున్నాను. మేముండేది అనంతపురం కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏ పిల్లలకైనా పనికొస్తాయి.

మొదటి మెట్టు: ఏ తరగతిలో ఏం రావాలో తెలుసుకోండి

"ఈరోజు బళ్ళో ఏం చెప్పారు?" అని అడిగితే ఏ ఇంట్లోనైనా వచ్చే జవాబు "ఏం లేదు". ఆ ప్రశ్న మానేయండి. నోట్సు తీయించి, "ఈ లెక్క నాకు రాదు, నేర్పించు" అనండి. టీచర్ చెప్పిన మాటలే పిల్లల నోట వస్తాయి. ఎక్కడ గొంతు తగ్గుతుందో, ఎక్కడ "అది అంతే" అని దాటేస్తారో అక్కడే లోపం ఉంటుంది.

తరగతికి ఎంత రావాలనేదానికి ఒక కొలత ఉంది. కేంద్రం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2026–27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు వచ్చి తీరాలని లక్ష్యం పెట్టుకుంది. దాని ప్రకారం ఒకటో తరగతి అయ్యేసరికి నాలుగైదు తేలిక మాటలున్న వాక్యం చదవాలి, 99 దాకా అంకెలు చదివి రాయాలి, చిన్న కూడికలు తీసివేతలు చేయాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, 999 దాకా అంకెలు, 99 లోపు తీసివేతలు. మూడో తరగతికి అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 మాటలు, 9999 దాకా అంకెలు, తేలిక గుణకారాలు.

నిమిషానికి 60 మాటలని చూసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పిల్లల్ని పరిగెత్తించకండి. తెలుగు మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. "చదువుకోవాలనుకుంటున్నాడు" అన్నది మనకు ఒకే మాట. దాన్నే ఇంగ్లీషులో చెప్పాలంటే నాలుగైదు మాటలు కావాలి. వేగం కన్నా, మాట మధ్యలో ఆగకుండా చదువుతున్నారా, వాక్యం చివర గొంతు దిగుతోందా అన్నది చూస్తే చాలు.

రెండో మెట్టు: చదువుకు పది నిమిషాల పరీక్ష

పరీక్ష అనే మాట వాడకండి. "నాకు కళ్ళజోడు దొరకలేదు, ఇది చదివి పెట్టు" అంటే సరి.

పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు అసర్ సర్వే పేరుతో 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివిస్తున్నారు. ఆ పద్ధతినే మనం ఇంట్లో వాడుకోవచ్చు. అందులో నాలుగు మెట్లుంటాయి: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పేరా దగ్గర మొదలుపెట్టాలి. అది వస్తే కథ ఇవ్వాలి, రాకపోతే మాటలకు, అవీ రాకపోతే అక్షరాలకు దిగాలి. అక్షరాలను వరసగా ఇవ్వకూడదు. "అ ఆ ఇ ఈ" పాటలా వచ్చేస్తుంది, అది చదవడం కాదు.

పేరా మీరే రాయండి, పాఠ్యపుస్తకంలోది వద్దు. నేను రాసింది ఇది (బుడ్డలంటే మా వైపు వేరుశనగ కాయలు):

"మా ఇంటి ముందు వేప చెట్టు ఉంది. అవ్వ దాని కింద కూర్చుని బుడ్డలు ఒలిచింది. ఒక కోడి వచ్చి గింజలు తిన్నది. అవ్వ కోడిని తరిమింది."

మూడు తప్పుల దాకా పర్వాలేదు. తర్వాత రెండే ప్రశ్నలు. "అవ్వ ఎక్కడ కూర్చుంది?" దీనికి జవాబు పేరాలోనే ఉంది. "అవ్వ కోడిని ఎందుకు తరిమింది?" దీనికి పేరాలో నేరుగా లేదు, బుర్రలో వెతుక్కోవాలి. మొదటిది చెప్పి రెండోదానికి దిక్కులు చూసే పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్ళకు అక్షరాలు వచ్చాయి, చదవడం ఇంకా రాలేదు.

ఇక్కడ ఒక పొరపాటు నేనూ చేశాను. పుస్తకంలో "వెళ్తున్నాడు" అని ఉంటే మా పాప "పోతాండాడు" అని చదివింది. "సరిగ్గా చూసి చదువు" అని కసిరాను. నిజానికి అది తప్పు కాదు. అచ్చులోని మాటను చూసి, అర్థం చేసుకుని, ఇంటి మాటలోకి మార్చుకుంది. అలా మార్చగలిగిన పిల్లకు అర్థమవుతున్నట్టే లెక్క. అర్థం కాని పిల్ల "వె... ళ్తు... న్నా" అని కూడబలుక్కుంటుంది తప్ప మార్చలేదు. అచ్చులో ఏముందో నెమ్మదిగా చూపిస్తే చాలు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కర్నూలు పిల్లలకు, కన్నడం మాట్లాడే మడకశిర వైపు పిల్లలకు ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. వాళ్ళు బడి తెలుగును మరో భాషగా నేర్చుకుంటున్నారు.

ఇంకొకటి. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతుంటే, బోర్డు మీది రాయకుండా పక్కవాళ్ళ నోట్సులో చూసి రాస్తుంటే, చదువు సంగతి తర్వాత, ముందు కంటి డాక్టరుకు చూపించండి.

మూడో మెట్టు: బస్సు బోర్డులతో చదువు

పిల్ల ఏ మెట్టు మీద ఆగిందో తెలిశాక తరగతి పుస్తకాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టడానికి ధైర్యం కావాలి. మూడో తరగతి పిల్లకు గుణింతం దగ్గర ఆగిపోతుంటే మూడో తరగతి పాఠం ఎన్నిసార్లు చదివించినా బట్టీ పడుతుందే కాని చదవదు.

మా అమ్మ వాళ్ళది నార్పల వైపు. దాదాపు ప్రతి వారం బస్టాండుకు పోతాం. అక్కడ అరగంట ఎదురుచూస్తుండగా తట్టింది: ఆర్టీసీ బోర్డుల కన్నా మంచి వాచకం ఇంకోటి లేదు. అక్షరాలు పెద్దవి, మాట ఒక్కటే, పైగా తెలిసిన ఊరు. వాటిని తేలిక నుంచి కష్టానికి పేర్చుకున్నాను.

అన్నిటికన్నా తేలిక "కడప". మూడక్షరాలూ తలకట్టువే, గుణింతం గుర్తు ఒక్కటీ లేదు. తర్వాత కదిరి, పామిడి, ఆదోని: గుడి, దీర్ఘం, ఓత్వం వస్తాయి. ఆ తర్వాత సున్న ఉన్నవి: ఉరవకొండ, పెనుకొండ, హిందూపురం. అవి నోటికి అలవాటయ్యాక ఒకే అక్షరానికి అదే ఒత్తు వచ్చే ద్విత్వాలు: గుత్తి, ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు. ఇక్కడిదాకా మా పాప రెండు వారాల్లో వచ్చేసింది. అసలు గోడ దీని తర్వాతే ఉంది: ఒక అక్షరం కింద వేరే అక్షరం ఒత్తు వచ్చే సంయుక్తాక్షరాలు.

"తాడిపత్రి" చూపిస్తే "తాడిపతిర" అంది. మూడుసార్లు అడిగినా అంతే. కాసేపటికి నాకే అర్థమైంది, తను చదివింది కంటికి కనబడినట్టే ఉంది. గుడి త మీద ఉంది, కాబట్టి "తి". కింద ర ఉంది, కాబట్టి "ర". కంటికి కనబడే వరస ఒకటి, నోటితో పలికే వరస ఇంకొకటి. గుర్తు పైఅక్షరం మీద రాస్తాం, కాని దాని శబ్దం కింది అక్షరం తర్వాత వస్తుంది. ఈ సంగతి మనకెవరూ విడమరిచి చెప్పలేదు, అలవాటులో వచ్చేసింది. అలవాటు కాని పిల్లకు విడమరిచి చెప్పాలి.

చెప్పడానికి నేను వాడిన మాట: "పైదాన్ని సగం పలుకు, కిందదాన్ని నిండుగా పలుకు, గుర్తును ఆఖరున పలుకు." పలక మీద త్, ర, గుడి విడివిడిగా రాసి వేలితో ఒకటొకటే కలుపుతూ "త్... త్ర... త్రి" అనిపించాను. తర్వాత రాప్తాడు, ధర్మవరం, బద్వేలు. "ధరమవరం" అని చదివినప్పుడు మళ్ళీ అదే మాట: పైన ర సగం, కింద మ నిండుగా. ఆఖరి మెట్టు కళ్యాణదుర్గం, ప్రొద్దుటూరు. ప్రొద్దుటూరు తడబడకుండా చదివిన రోజు ఇంట్లో బొరుగులు, బజ్జీలతో పండగే చేశాం.

అక్షరాల దగ్గరే ఆగిన పిల్లలకు ఒకేలా కనబడేవాటిని జంటగా పెట్టి చూపించాలి: ప–వ, ద–ధ–థ, బ–భ. "వ"కు కొమ్ము ఇస్తే వచ్చే "వు"నూ, "మ"నూ పక్కపక్కన రాసి తేడా అడగండి. పెద్దవాళ్ళు కూడా ఓ క్షణం ఆగుతారు. రోజుకు ఒక జంట చాలు, యాభై ఆరు అక్షరాలూ మళ్ళీ మొదటి నుంచి దిద్దించక్కర్లేదు.

పేరా దాకా వచ్చిన పిల్లలకు మాత్రం కథలు కావాలి, ఎన్ని దొరికితే అన్ని. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు స్థాయులుగా విడగొట్టి పెట్టారు. గూగుల్ రీడ్ అలాంగ్ యాప్ తెలుగులో పిల్ల చదివేది విని తప్పు చెబుతుంది. యాప్ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోతే మాత్రం పది నిమిషాల్లో కార్టూన్లు మొదలవుతాయి, పక్కన ఉండాల్సిందే. మొదటిసారి మీరు చదవండి, రెండోసారి ఇద్దరూ కలిసి, మూడోసారి పిల్ల ఒక్కతే. తప్పు పలికిన వెంటనే అడ్డుపడకండి, వాక్యం పూర్తికానివ్వండి. సగం తప్పులు వాళ్ళే వెనక్కి వచ్చి సరిచేసుకుంటారు.

ఇంగ్లీషు గురించి రెండు ముక్కలు. మన రాష్ట్రంలో 2020–21 నుంచి ప్రభుత్వ బడి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో వచ్చాయి. అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే ముందు తెలుగు పేజీ చదివించి సంగతి అర్థమయ్యాక ఇంగ్లీషు పేజీకి పోండి. "సీ, ఏ, టీ క్యాట్" అని స్పెల్లింగు బట్టీ కొట్టించే బదులు "క్, యా, ట్" అని శబ్దాలు కలపడం నేర్పండి. తెలుగులో ఒత్తులు విడగొట్టి కలపడం వచ్చిన పిల్లకు ఇది కొత్త పనేం కాదు.

నాలుగో మెట్టు: లెక్కల పరీక్ష

దీనికి ఐదు నిమిషాలు చాలు. చూసి చదవడానికి ఐదు అంకెలు, రెండంకెల తీసివేత ఒకటి, భాగహారం ఒకటి. వీటితో పాటు మూడు అంకెలు నోటితో చెప్పి రాయించండి: "ఫోర్టీన్", "ఫార్టీ వన్", "రెండు వందల ఐదు".

ఫోర్టీన్‌ను 41 అని రాస్తే కంగారు పడక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ మాట నాలుగుతో మొదలవుతుంది, పిల్ల విన్న వరసలో రాసింది. తెలుగులో ఈ తిప్పలు లేవు. పద్నాలుగు అంటే పది ముందు, నాలుగు తర్వాత. నలభై ఒకటి అంటే నలభై ముందు, ఒకటి తర్వాత. ఇంగ్లీషు మీడియం పిల్లలకైనా అంకెలు తెలుగులో కూడా చెప్పించడం ఇందుకే మంచిది.

రెండు వందల ఐదును 2005 అని రాస్తే స్థానవిలువ పట్టుబడలేదని. పాత పెళ్ళికార్డు వెనక వైపు చీటీలు కత్తిరించండి: 200 అని పొడవైన చీటీ, 30 అని దానికన్నా పొట్టిది, 5 అని ఇంకా పొట్టిది. కుడి అంచులు కలిసేలా 200 మీద 5 పెడితే ఆఖరి సున్నా కప్పుకుపోయి 205 కనబడుతుంది. మధ్యలో 30 కూడా పెడితే 235. "ఐదు ఎత్తు, కింద ఏముంది?" అని అడిగితే దాక్కున్న సున్నా బయటపడుతుంది. చెబితే ఎక్కనిది ఈ చీటీలతో ఒక సాయంత్రంలో ఎక్కుతుంది.

ఐదో మెట్టు: అప్పు కాదు, చిల్లర

రెండు, మూడు తరగతుల్లో పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. 52 నుంచి 27 తీసెయ్యమంటే మా పాప 35 అని రాసింది. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు. పైదా కిందదా అని లేదు, పెద్దదాన్లోంచి చిన్నదాన్ని తీసేసింది. పద్ధతి ప్రకారమే తప్పు చేసింది కాబట్టి "అజాగ్రత్త" అని తిట్టడం దండగ.

బళ్ళో "పక్కింట్లో అప్పు తీసుకో" అని నేర్పుతారు. మా చిన్నప్పుడూ అదే. నాకెప్పుడూ నచ్చని మాట అది. తీసుకున్న అప్పు తిరిగి ఇచ్చేది లేదు, ఒకటి అడిగితే పది ఇస్తారు, ఇలాంటి పక్కిల్లు ఎక్కడుంటుంది? అది అప్పు కాదు, చిల్లర మార్చుకోవడం. పిల్లలకు చిల్లర బాగా తెలుసు.

కొత్త చీపురు పుల్లలు విరిచి, పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి, "నాకు ఇరవై ఏడు ఇవ్వు" అని చెయ్యి చాపండి. రెండు కట్టలు ఇస్తుంది. ఏడు విడి పుల్లలు ఇవ్వబోయి రెండే ఉన్నాయని ఆగుతుంది. అక్కడ మీరు నోరు విప్పకూడదు. మా పాప చాలాసేపు పుల్లలకేసి చూసి, "కట్ట విప్పనా?" అంది. విప్పింది. పన్నెండు విడి పుల్లలయ్యాయి, ఏడు ఇచ్చింది, ఐదు మిగిలాయి. చేతిలో రెండు కట్టలు, ఐదు పుల్లలు. ఇరవై ఐదు. అప్పుడు పుస్తకంలో 5 కొట్టేసి 4 ఎందుకు రాస్తామో, 2 పక్కన ఒకటి ఎందుకు పెడతామో చూపించాను. ముందు పుల్లలు, తర్వాత రాత. తిరగేసి చేస్తే మళ్ళీ బట్టీ అవుతుంది.

వారం రోజులు పుల్లలతో, తర్వాత పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్ళలతో, ఆ తర్వాత ఒట్టి కాగితం మీద. మూడంకెల తీసివేతకు వంద నోటు కూడా చేర్చండి. 300 నుంచి 127 తీయాలంటే వంద నోటును ముందు పదులుగా, అందులో ఒక పదిని రూపాయలుగా మార్చాలి. మధ్యలో ఉన్న సున్నా 9 ఎందుకవుతుందో అక్కడ తెలుస్తుంది.

ఆరో మెట్టు: ఎక్కాలు

"రెండొకట్ల రెండు, రెండ్రెండ్ల నాలుగు" అని పాడుతూ నేర్చుకున్న తరం మాది. ఆ పాటను నేను తక్కువ చెయ్యను, బాగా పనిచేసింది. కాని ఏడెనిమిదులెంత అంటే ఏడొకట్ల నుంచి మొదలుపెట్టే పిల్లకు ఇంకో దారి కూడా చూపాలి.

గుడ్ల ట్రే తెచ్చుకోండి, ముప్పై గుడ్లు పట్టేది. అడ్డంగా చూస్తే ఐదు వరసల్లో ఆరేసి, తిప్పి చూస్తే ఆరు వరసల్లో ఐదేసి. ట్రే మారలేదు, గుంటలు మారలేదు. ఈ ఒక్కటి అర్థమైతే నేర్చుకోవాల్సిన ఎక్కాలు దాదాపు సగానికి తగ్గిపోతాయి. ఏడెనిమిదులు మర్చిపోతే ఐదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, కలిపితే యాభై ఆరు. దార్లో మధ్య మధ్యలో ఒకటి అడగండి, వరసగా అప్పజెప్పించకండి.

భాగహారానికి బుడ్డలు చాలు. ముప్పై ఏడు గింజలు నలుగురికి పంచమనండి. తలా తొమ్మిది, ఒకటి మిగులు. మిగిలింది ఎవరు తినాలన్న గొడవ శేషం గురించిన పాఠం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వామనగుంటలు ఆడించండి. వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటల్లో చింతగింజలు ఒక్కొక్కటే వేసుకుంటూ పోవడం, ఎక్కడ చెయ్యి ఖాళీ అవుతుందో ముందే లెక్కగట్టడం, ఇదంతా లెక్కలే. మా అవ్వను ఈ ఆటలో ఎవరూ ఓడించలేదు, ఆమె బడి మొహం చూడలేదు.

నాలుగో తరగతిలో భిన్నాలు వచ్చినప్పుడు జొన్నరొట్టె తీసుకోండి. పావు పెద్దదా, మూడో వంతు పెద్దదా అంటే నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి పావే పెద్దదంటారు. రొట్టె నలుగురికి తుంచితే పెద్ద ముక్క వస్తుందా, ముగ్గురికి తుంచితే వస్తుందా అని అడగండి. ఆకలి మీద ఉన్నప్పుడు ఎవరూ తప్పు చెప్పరు.

ఏడో మెట్టు: మాటల్లో ఉన్న లెక్కలు

కూడికలు, తీసివేతలు వచ్చిన పిల్ల కూడా రాతలెక్క దగ్గర "కూడాలా, తియ్యాలా?" అని మొహం చూస్తుంది. "మొత్తం" ఉంటే కూడు, "మిగిలినవి" ఉంటే తీసెయ్ అని చిట్కా నేర్పుతుంటారు. ఆ చిట్కా ఎలా ముంచుతుందో చూడండి: "రవి దగ్గర 12 గోళీలున్నాయి. అవి గీత దగ్గరున్న వాటికన్నా 5 ఎక్కువ. గీత దగ్గర ఎన్ని?" ఎక్కువ అన్న మాట చూసి 17 రాసేస్తారు. జవాబు 7.

పెన్సిలు పక్కన పెట్టించి లెక్కను కథలా చెప్పమనండి. "ఎవరి దగ్గర ఎక్కువున్నాయి?" అని ఒక్క ప్రశ్న అడగండి. రవి దగ్గరే ఎక్కువని తేలితే గీతకు 17 ఎలా వస్తాయని పిల్లకే అనుమానం వస్తుంది. ఇది లెక్క తప్పులా కనబడుతుంది గానీ నిజానికి చదవడంలో తప్పు. అందుకే లెక్కల్లో వెనకబడిన పిల్లకు ముందు చదువు పరీక్ష పెట్టమంటాను. మార్కెట్లో కిలో 24 చొప్పున రెండు కిలోల టమోటాలు కొని, వంద నోటు ఇచ్చి, "ఎంత వెనక్కి ఇస్తారు?" అని పిల్లనే చెప్పనివ్వండి.

ఎనిమిదో మెట్టు: టీచర్‌తో మాట్లాడటం

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టారు, 2025 జూలై 10న రెండోసారి. అంతమందిలో వివరంగా మాట్లాడటం కుదరదు. ఇంకో రోజు బడి వదిలాక పది నిమిషాలు అడగండి. "ఎన్ని మార్కులు, ఎన్నో ర్యాంకు" అని మొదలుపెట్టకండి. "సార్, మా పాప ద్విత్వాలు చదువుతోంది, సంయుక్తాక్షరాల దగ్గర ఆగుతోంది. తీసివేతలో పదులు విప్పడం ఇప్పుడిప్పుడే వస్తోంది. తరగతిలో మీరేం గమనించారు?" అనండి. రెండు మూడు తరగతులు ఒక్కరే చూసుకునే టీచర్‌కు ఇంత కచ్చితంగా చెప్పే అమ్మానాన్నలు దొరకడం అరుదు. మా పాప టీచర్ ఆ మాట విని తనను ముందు బెంచీకి మార్చి, రోజూ ఒక పేరా గట్టిగా చదివించడం మొదలుపెట్టారు.

రోజుకు చదువుకు పది నిమిషాలు, లెక్కలకు పది నిమిషాలు. అంతకు మించితే ఏడుపులే. అన్నం తిన్నాక కాదు, తినక ముందు. జ్వరం వచ్చినప్పుడు, ఊరికి పోయినప్పుడు వదిలేయండి.

ఒక నోట్సులో తేదీ వేసి, ఆరోజు పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఒక్క లైను రాయండి. ఆరు వారాల తర్వాత కొత్త పేరా, కొత్త లెక్కలతో మళ్ళీ చూడండి. కనీసం ఒక మెట్టు ఎక్కాలి. రెండు మూడు నెలలు వదలకుండా కూర్చున్నా అక్షరాలు తారుమారవుతూనే ఉంటే, నోటితో అన్నీ చెప్పే పిల్ల కాగితం మీద మాత్రం ఆగిపోతుంటే, అది బద్ధకం కాకపోవచ్చు. చదవడం, రాయడం, లెక్కల్లో ఉండే ఇలాంటి ఇబ్బందులను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి చదువుల పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లుంటారు. మీ బడి హెడ్మాస్టరును అడిగితే దగ్గర్లో ఎక్కడుందో చెబుతారు. వెళ్ళేటప్పుడు ఆ తేదీల నోట్సు వెంట తీసుకెళ్ళండి, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.